ఏ ఊళ్ళో కాపురం?

ఊరు ఎంచుకోవడం ఎలా అన్నదాని మీద తెలుగులో ఉన్న శాస్త్రమంతా ఒక్క కంద పద్యం. సుమతీ శతకంలో ఉంది. పలకా బలపం పట్టిన ప్రతివాళ్ళకీ నోటికి వచ్చిందే కాబట్టి ఇక్కడ మళ్ళీ అప్పజెప్పను. అవసరానికి అప్పు పుట్టాలి, జబ్బు చేస్తే చూసే వైద్యుడుండాలి, ఏడాది పొడుగునా నీళ్ళున్న ఏరుండాలి, మంచికీ చెడ్డకీ ఒక బ్రాహ్మణుడుండాలి. ఈ హంగులున్న ఊళ్ళో కాపురం పెట్టు, లేకపోతే ఆ పొలిమేర తొక్కకు అని బద్దెన గారి సలహా. పదమూడో శతాబ్దం మనిషంటారు ఆయన్ని. అప్పట్నుంచీ ఈ పద్యానికి తాత్పర్యాలు రాసినవాళ్ళూ, వల్లె వేయించిన మేష్టార్లూ అందరూ "ఆహా, ఎంత లోకజ్ఞానం!" అని మెచ్చుకున్నవాళ్ళే. లోకజ్ఞానం ఉన్నమాట నిజమే. కానీ ఇద్దరు పసిపిల్లల్నీ, ఒక గ్యాస్ పొయ్యినీ, మోకాళ్ళ నొప్పుల అత్తగారినీ వెంటబెట్టుకుని ఊరు మారబోయే ఇల్లాలు ఈ పద్యాన్ని ఎలా చదువుకుంటుందో మన విమర్శకులు పట్టించుకున్నట్టు లేదు. ఆ పనేదో ఈ వారం నేను చేస్తాను.

ముందు వరస చూడండి. అప్పిచ్చేవాణ్ణి మొదట పెట్టి వైద్యుణ్ణి తర్వాత పెట్టాడు. యతి కోసమనో ప్రాస కోసమనో పండితులు అనొచ్చు. నేనొప్పుకోను. సంసారం చేసి చూసిన మనిషే ఆ వరస పెట్టాడని నా నమ్మకం. డాక్టరు గుమ్మం ఎక్కాలన్నా ముందు చేతిలో నాలుగు డబ్బులుండాలి కదా! కొత్త ఊళ్ళో మొదటి నెల ఎలా గడుస్తుందో తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లారీ బాడుగ, బళ్ళో కట్టే ఫీజులు, కొత్త యూనిఫారాలు, అన్నిటికంటే ముందు ఇంటి అడ్వాన్సు. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె చేతిలో పెడితే సాధారణంగా తాళంచెవి మన చేతికొస్తుంది. బెంగుళూరులో పదినెలల అద్దె అడగడం ఏనాటి నుంచో ఉన్న ఆచారం. పాతికవేల అద్దె ఇల్లనుకోండి, రెండున్నర లక్షలు ఇంటాయన దగ్గర వడ్డీ లేకుండా నిద్రపోతాయన్నమాట. ఆ రెండున్నర లక్షలూ ఎక్కణ్ణించి వస్తాయి? చాలా ఇళ్ళల్లో ఇల్లాలి మెడలోంచీ, చేతుల్లోంచీ వస్తాయి. అప్పు పుట్టే ఊరు చూసుకోమన్నాడు బద్దెన. తాకట్టు పెట్టే వస్తువు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

వైద్యుడి దగ్గర ఎక్కువసేపు ఆగను. మన పెద్ద ఊళ్ళల్లో డాక్టర్లకేం కొదవ లేదు. తిరకాసంతా "ఊళ్ళో" అన్న మాటలో ఉంది. బద్దెన నాటి ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళే ఊరు. మియాపూర్‌లో మెట్రో రైలెక్కితే ఎల్.బి. నగర్ చేరడానికి ఇంచుమించు గంట పట్టే హైదరాబాదులో, "మా ఊళ్ళో మంచి పిల్లల డాక్టరున్నాడు" అంటే ఆ మాటకి అర్థమేమిటి? అర్ధరాత్రి రెండింటికి పసివాడికి ఆయాసం వస్తే పావుగంటలో చేరగలిగే డాక్టరే మన ఊళ్ళో ఉన్న డాక్టరు. మిగతావాళ్ళంతా పొరుగూరి డాక్టర్లే.

ఇక ఏరు. ఈ పద్యంలో నాకు ప్రాణం ఇక్కడే ఉంది.

మన పెద్ద ఊళ్ళేవీ ఇప్పుడు తమ ఏటి నీళ్ళు తాగి బతకడం లేదు. హైదరాబాదునే తీసుకోండి. మూసీ ఒడ్డున పుట్టిన ఊరది. 1908 సెప్టెంబరులో అదే మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంటే, మళ్ళీ అలాంటి వరద రాకుండా ఉస్మాన్ సాగర్ కట్టారు, అది 1920లో పూర్తయింది. 1927కల్లా హిమాయత్ సాగర్ వచ్చింది. వరద ఆపడానికి కట్టిన చెరువులే తర్వాత ఊరికి దాహం తీర్చాయి. ఊరు పెరిగింది, ఆ చెరువులు చాలలేదు. మంజీర నుంచి, ఆ తర్వాత కృష్ణ నుంచి, గోదావరి నుంచి నూరేసి కిలోమీటర్లు దాటి గొట్టాల్లో నీళ్ళు వస్తున్నాయి. బెంగుళూరుకి కావేరి సుమారు నూరు కిలోమీటర్ల దూరాన్నుంచి, అదీ ఎత్తు మీదికి తోడితే వస్తుంది. మద్రాసుకి మన కృష్ణ నీళ్ళే కండలేరు నుంచి పూండి దాకా కాలువలో వెళతాయి. అయినా 2019 వేసవిలో ఆ ఊరి చెరువులు నాలుగూ ఎండిపోయి, బిందెల బారులు వీధుల్లో నిలబడ్డాయి. 2024 వేసవిలో బెంగుళూరు వంతు వచ్చింది. బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూపులు చూసిన పేటల్లో కోటి రూపాయల ఫ్లాట్లున్నవాళ్ళూ ఉన్నారు. విశాఖపట్నం సంగతి ఇంకా విచిత్రం. ఎదురుగా సముద్రమంత నీరు! తాగడానికి మాత్రం ఏలేరు కాలువా, రైవాడా, తాటిపూడీ దిక్కు.

మరి పక్కనే కృష్ణమ్మ ఉన్న విజయవాడ? అది బద్దెన గారి పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకునే ఊరు. ఎండలు మాడ్చేసినా ప్రకాశం బరాజు దగ్గర నీటిచుక్క కనబడుతుంది. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వీధులు రోజుల తరబడి నీళ్ళల్లో ఉండిపోయాయి. మేడమీద చిక్కుకున్న తల్లులు పాలపాకెట్ కోసం పడవల వైపు చేతులూపిన దృశ్యాలు టీవీల్లో అందరం చూశాం. ఏరు ఎడతెగకుండా పారాలన్న కవి, ఎక్కడ పారాలో కూడా ఒక్కమాట అనుంటే బాగుండేది.

నా ఫిర్యాదు ఏటి మీద కాదు, ఆ ఏటి నీళ్ళు ఇంట్లోకి ఎవరు తెస్తారన్న దాని మీద. ఏ ఊళ్ళో అయినా ఇల్లాలు తెల్లారి ఎన్నింటికి లేస్తుందో నిర్ణయించేది సూర్యుడు కాదు, కుళాయి. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే పేటలో ఉద్యోగం చేసే ఆడవాళ్ళ సెలవు చీటీలు చూడండి, వాటి మీద జ్వరమనీ, తలనొప్పనీ ఉంటుంది. అసలు జబ్బు పేరు ట్యాంకరు. నేను చదివిన నవలల్లో నాయికలు సముద్రాన్ని చూసి ఎన్ని పేజీలైనా పరవశిస్తారు, వెన్నెల్లో హుస్సేన్ సాగర్ గట్టు మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ పూట ఇంట్లో నీళ్ళొచ్చాయో లేదో మాత్రం ఒక్క రచయితా చెప్పరు. నవలలు రాసే నేను ఈ మాట అంటున్నానని నవ్వుకోకండి. లోపల పనిచేసేవాళ్ళకే కదా ఇంట్లో దుమ్మెక్కడుందో తెలిసేది!

నాలుగో హంగు గురించి వాదన పెట్టుకోను. ఇప్పుడు పురోహితులు ఫోన్ చేస్తే వస్తారు, వీడియోలో సత్యనారాయణ వ్రతం చేయించేవాళ్ళూ ఉన్నారు.

పద్యంలో నాకు కొరతగా అనిపించేది ఇంకొకటుంది. అది ఒక్కడికే చెప్పిన సలహా. ఉండు, వెళ్ళకు అని ఏకవచనంలో మగవాడితో నడుస్తుంది మాట. ఆ ఒక్కడూ ఊరు తేల్చుకుని వస్తాడు, వెనకాల బండిలో కాపురం వస్తుంది. శతకకారుణ్ణి తప్పుపట్టి లాభం లేదు, ఆయన కాలం అది. కానీ ఆయన తర్వాత వచ్చిన మన కథలూ సినిమాలూ కూడా అదే బండి తోలుతున్నాయి చూశారా, అదీ నా బాధ.

గురజాడ వారి 'కన్యాశుల్కం' తెర తీయగానే గిరీశం ఊరు మారే ఆలోచనలోనే ఉంటాడు. బద్దెన సలహాకి అచ్చంగా తలకిందులు మనిషి! విజయనగరంలో అప్పు పుడుతుంది కనకనే, పుట్టిన అప్పులు నెత్తికెక్కాయి కనకనే, ఊరొదిలి వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. ఊళ్ళు మార్చడంలో అంతటి స్వేచ్ఛ ఆ నాటకంలో మగవాళ్ళలో గిరీశానికీ, ఆడవాళ్ళలో మధురవాణికీ ఉంది. బుచ్చమ్మ కూడా ఊరు మారుతుంది. అగ్రహారం నుంచి విశాఖపట్నానికి లేవదీసుకొస్తే వచ్చింది, అక్కణ్ణించి విడోస్ హోముకి పంపిస్తే వెళ్ళింది. ఎక్కడికి వెళతావమ్మా అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. గురజాడకి అది తెలియదని నేననను, తెలిసే అలా రాశాడనిపిస్తుంది. 1909 నాటి మాట.

1955లో వచ్చిన 'మిస్సమ్మ' చూడని వాళ్ళుండరు. ఉద్యోగం కోసం మద్రాసు వదిలి అప్పాపురం వెళ్ళడానికి ఒక చదువుకున్న అమ్మాయీ, ఒక చదువుకున్న అబ్బాయీ ఒప్పందం చేసుకుంటారు. ఎంతసేపూ భార్యాభర్తలుగా నటించడం ఎలాగన్న గొడవే. ఊరు ఎలాంటిదన్న బెంగ ఎవరికీ లేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ సినిమాలో ఒక గొప్ప సంగతుంది. మేరీ అప్పు తీర్చడం కోసం తన కాళ్ళమీద తను నిలబడి ఊరు మారుతుంది. అది తన నిర్ణయం. అంతటి నిర్ణయం తీసుకోవడానికి ఆమెకి పెళ్ళయి ఉండకూడదు, చంకలో పిల్ల ఉండకూడదు, అంతే!

ఇక్కడే ఉంది కిటుకంతా. మన సినిమాల్లో ఊరికి కొత్తగా దిగేది ఎప్పుడూ ఒంటరివాళ్ళే. 1981లో బాలచందర్ గారి 'ఆకలి రాజ్యం'లో ఢిల్లీ ఎంత కర్కశంగా కనబడిందో మరిచిపోలేం. నిరుద్యోగులైన స్నేహితులు, చాలీచాలని తిండి. అదే ఢిల్లీలో ఆ యువకుడికి నాలుగేళ్ళ కొడుకుంటే ఏమయ్యేది? పౌరుషం మాట అటుంచి, పాల మాట ముందొచ్చేది. చిన్నపిల్లలున్న సంసారం మన తెర మీద ఊరు మారడం చాలా తక్కువ. తెర లేచేసరికే వాళ్ళు అక్కడ ఉంటారు. గోడకి ఫొటోలు, కిటికీకి కర్టెన్లు, పెరట్లో తులసికోట. ఆ కోట ఏ లారీలో వచ్చిందో, దారిలో ఎన్ని పెంకులు ఊడాయో మనకి తెలియదు.

పోనీ మా స్త్రీల నవలల సంగతి? యద్దనపూడి సులోచనారాణి గారి 'మీన'ని నా ముందు తరం ఆడవాళ్ళు సీరియల్‌గా చదివి కలలు కన్నారు. పట్నపు పిల్ల మేనమామ పల్లెకి వెళ్ళి అక్కడి బావనీ, అక్కడి జీవితాన్నీ కోరుకుంటుంది. 1973లో సినిమా అయింది, 2016లో 'అ ఆ' వచ్చినప్పుడు మళ్ళీ ఆ కథే జనం గుర్తు చేసుకున్నారు. తల్లిని ఎదిరించి పల్లెని ఎంచుకోవడం తక్కువ సాహసమేం కాదు. నాకు మాత్రం ఆ నవల మూసేశాక ఒక సందేహం మిగిలిపోతుంది. మీన ఎంచుకున్నది పల్లెనా, బావనా? బావ గనక రేపు పొలం అమ్మి పట్నం పోదామంటే ఆ పల్లె మీది ప్రేమ ఏమవుతుంది? మా నవలల్లో నాయికకి వరుణ్ణి ఎంచుకునే స్వాతంత్ర్యం ఇచ్చాం. ఊరు అతని వెంట సారె సామానులా వచ్చేస్తుంది.

దీనికి మినహాయింపుగా నేను చూపించగలిగేది డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు'. యాభైల చివర 'తెలుగు స్వతంత్ర'లో వచ్చింది, 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఆధారమైంది. అందులో విశాఖపట్నం పోస్టు కార్డు మీది బొమ్మ కాదు. అద్దెకిచ్చిన మేడ గది ఉంది, ఇంటి ఖర్చు ఉంది, తండ్రి బరువు మోస్తూ ఉద్యోగం చేసే ఇందిర ఉంది. ఈ నవల గురించి మాట్లాడేవాళ్ళంతా ఇందిర మంచిదా చెడ్డదా అని తగువులాడుకుంటారు. నాకు ఆ తగువు మీద ఆసక్తి లేదు. ఆ అమ్మాయి ఆ ఊళ్ళో బతకడం ఎలాగో నేర్చుకుంది, ప్రతి పైసాకీ లెక్క ఉంది, ఎవరైనా తనని ఇంకో చోటుకి తీసుకుపోయి ఉద్ధరిస్తారని కూర్చోలేదు. ఊరంటే అద్దె అని తెలిసిన నాయిక మన సాహిత్యంలో అరుదు. శ్రీదేవి గారు 1961లోనే, చిన్న వయసులోనే పోయారు. ఆవిడ ఇంకో పదిహేనేళ్ళు రాసి ఉంటే, పెళ్ళయి ఇద్దరు పిల్లలతో విశాఖ వదలాల్సొచ్చిన ఒక ఇందిరని మనకి చూపించి ఉండేవారేమోనని నా ఆశ.

'మిథునం' గురించి ఒకమాట. శ్రీరమణ గారి కథ, 2012లో తనికెళ్ళ భరణి గారు సినిమా తీశారు. ఆ పెరడు, ఆ ఆవకాయ, ఆ ముసలి దంపతుల సరసం చూసి నేనూ అందరిలాగే కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఆ కథని మనం వాడుకునే తీరు నాకు నచ్చదు. ఉన్న ఊరు కదలని పెద్దవాళ్ళకి కవిత్వమంతా ఇచ్చేశాం. దూరదేశాలు పోయిన పిల్లలకి నేరభావం మిగిల్చాం. వాళ్ళు ఎందుకు వెళ్ళారు, వెళ్ళే ముందు రాత్రి మొగుడూ పెళ్ళాం ఏమనుకున్నారు, చంటిది రైల్లో ఎంత ఏడ్చింది, అది కూడా ఒక మిథునం కథే కదా? దాన్ని ఎవరైనా అంతే ప్రేమగా రాస్తే చదవాలని ఉంది.

కథలకి సరుకు లేదా అంటే బోలెడుంది. 1953 అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు ఆఫీసుల్లో గుమాస్తాలు పెళ్ళాం పిల్లలతో కర్నూలు వచ్చిపడ్డారు. ఇళ్ళు చాలవు, ఆఫీసులకే డేరాలు వేశారు. మూడేళ్ళు తిరిగేసరికి 1956 నవంబరు ఒకటిన రాజధాని హైదరాబాదు అయింది. మళ్ళీ మూటాముల్లె. మూడేళ్ళల్లో రెండు ఊళ్ళు, మూడు బళ్ళు, మూడు రకాల నీళ్ళు! ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎన్నిసార్లు పొయ్యి పాతుకున్నారో చరిత్ర పుస్తకాల్లో ఉండదు, ఉండాల్సింది నవలల్లో. రాజకీయాల మీద నవలలొచ్చాయి గాని ఆ పొయ్యి మీద రాలేదు.

అరవై ఏళ్ళ తర్వాత అదే కథ వెనక్కి నడిచింది. 2014 జూన్ రెండున రాష్ట్రం రెండయింది. 2016లో ఆంధ్ర సచివాలయం వెలగపూడికి వెళ్ళింది. వెళ్ళిన ఉద్యోగులకి వారానికి అయిదు రోజుల పని అన్నారు. ఆ అయిదు రోజుల వెనక ఎన్ని సంసారాలు రెండుగా చీలాయో! ఒక పాఠకురాలు రాసిన ఉత్తరంలో ఉంది: "శుక్రవారం రాత్రి మావారు సంచీ పుచ్చుకుని దిగేవారు, ఆదివారం సాయంత్రమయ్యేసరికి పిల్లలు ఆయన బూట్లు దాచేసేవారు. మేమంతా వెళ్ళిపోదామంటే నా ఉద్యోగం హైదరాబాదులో, పెద్దవాడి పదో తరగతి హైదరాబాదులో. ఇల్లు అమ్మి అక్కడ కొందామనుకుంటే 2019లో రాజధాని మూడూళ్ళన్నారు. ఇలాంటి కాపురం ఏ నవల్లో ఉందండీ? ఉంటే పేరు చెప్పండి, చదువుకుంటాను." ఆ చట్టం 2020లో వచ్చింది, 2021లో వెనక్కి పోయింది, 2024లో అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఈలోగా బూట్లు దాచిన పిల్లలకి మీసాలొచ్చాయి. ఆవిడ అడిగిన నవల పేరు నేను చెప్పలేకపోయాను.

ఆ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది, "మా పిల్లలు ఏ ఊరి లోకలు?" అని. ఈ ఒక్క మాట బద్దెనకి తెలియదు, మన నవలాకారులు వాసన కూడా పట్టలేదు. కానీ తెలుగు దేశంలో పిల్లలున్న తల్లికి ఏటికంటే పెద్ద ప్రశ్న ఇది. నిజాం కాలంలో 1919 నుంచి ముల్కీ అనిపించుకోవాలంటే పదిహేనేళ్ళు కాపురముండాలన్నారు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో అది పన్నెండేళ్ళు. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంటే కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. చివరికి రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులోంచి ఇల్లాళ్ళు పట్టుకున్న ముక్క ఒకటే, పిల్లవాడు వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివాడు అన్నది. ఆరో తరగతిలో బదిలీ వచ్చిందంటే తండ్రి జీతం లెక్క వేసుకుంటాడు, తల్లి వేళ్ళ మీద తరగతులు లెక్కపెడుతుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ నుంచి ఆంధ్రకి వచ్చేవాళ్ళ పిల్లల్ని అక్కడి స్థానికులుగా చూస్తామని మొదట మూడేళ్ళ గడువిచ్చి, ఆ గడువుని పెంచుకుంటూ పోయారు. గడువు పెరిగిన ప్రతిసారీ ఎన్ని ఇళ్ళల్లో "ఈ ఏడాదికి ఇక్కడే ఉందాం" అన్న మాట వినబడిందో! ఒక కుటుంబం ఊరు మారాలా వద్దా అన్నది వంటింట్లో రాత్రి పదింటికి ఎంత నాటకీయంగా తేలుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఘట్టం రచయితలకి ఏం కావాలి?

భాష సంగతీ అంతే. తమిళనాడులో 2006 చట్టంతో, కర్ణాటకలో 2015 చట్టంతో, తెలంగాణలో 2018 చట్టంతో ఆయా భాషలు బడుల్లో తప్పనిసరి పాఠాలయ్యాయి. మంచిదే, ఉన్న ఊరి భాష రాకపోతే పిల్లలు ఆ ఊరివాళ్ళెలా అవుతారు? కానీ బెంగుళూరులో పెరిగిన తెలుగు పిల్లకి కన్నడం వచ్చి, ఇంగ్లీషు వచ్చి, హిందీ వచ్చి, తెనాలిలో ఉన్న అమ్మమ్మ రాసిన ఉత్తరం మాత్రం చదవడం రాకపోతే ఆ లోటు ఎవరి ఖాతాలో వేస్తారు? తల్లి ఖాతాలోనే. "ఇంట్లో నువ్వు నేర్పొచ్చుగా" అని సెలవలకి వచ్చిన ప్రతి చుట్టమూ అంటుంది. నేర్పాల్సిన గంట ఆవిడ ట్యాంకరు కోసం ఎదురుచూడ్డంలో పోయిందని ఎవరికి తెలుసు!

ఇప్పుడు కొత్తగా ఒక తమాషా జరిగింది. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు ఇళ్ళల్లోకి వచ్చేశాయి. కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు ఎంతమందో భీమవరం, కాకినాడ, వరంగల్ చేరి అక్కణ్ణించే పనిచేశారు. తర్వాత చాలా కంపెనీలు వెనక్కి పిలిచాయి గాని, అందరూ వెళ్ళలేదు. అంటే, బదిలీ కాగితం చెప్పినచోటికి వెళ్ళడం తప్ప ఎరగని మధ్యతరగతి కాపురంలో, "ఏ ఊళ్ళో ఉందాం?" అని మొగుడు పెళ్ళాన్ని అడిగే రోజు మొట్టమొదటిసారి వచ్చింది. నిజంగానే అడుగుతున్నాడు! ఏం చెప్పాలో తెలియక కొందరు నాకు రాస్తున్నారు. విశాఖలో గాలి బాగుంటుందంటారు, హుద్‌హుద్ తుఫాను తలుచుకుంటే భయమేస్తుంది. హైదరాబాదులో ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, అద్దె మండిపోతోంది. మా పుట్టింటికి దగ్గరగా ఉందామంటే ఆయన మొహం మాడ్చుకున్నారు, వాళ్ళమ్మ గారికి దగ్గరగా అంటే నేను మాడ్చుకున్నాను. ఇవీ ఉత్తరాల్లోని మాటలు. అందరూ చివర్న ఒక వాక్యం కలుపుతున్నారు: "ఇవన్నీ చిన్న విషయాలే అనుకోండి." చిన్న విషయాలని వాళ్ళకి నేర్పిందెవరు? మేమే, కథలు రాసినవాళ్ళం. కథలో మగవాడు ఊరు మారితే ఆశయం, ఆడది ఊరు మారనంటే పుట్టింటి పిచ్చి. నీళ్ళ గురించి అడిగే భార్య మా కథల్లో హాస్యపాత్ర. సూర్యకాంతం గారి గొంతుతో తప్ప ఆ ప్రశ్న మనకి వినబడదు.

ఈ నగరాలకి మన పాలమూరు కూలీలూ, సూరత్‌కీ భివండీకీ మగ్గాల మీద పనికి వెళ్ళిన పద్మశాలీలూ మనకంటే ముందే కాపురాలు మార్చుకున్నారు. "ఏ ఊరు" అని ఎంచుకునే వెసులుబాటు వాళ్ళకి లేదు, పనున్నదే ఊరు. వాళ్ళ ఆడవాళ్ళ కథ వేరే వ్యాసం అడుగుతుంది, ఈ రెండు పేజీల్లో ఇరికిస్తే అన్యాయం.

ఉత్తరాలు రాసినవాళ్ళకి ఊరి పేరు నేను చెప్పను గాని, చూసే పద్ధతి చెబుతాను. ఇల్లు చూడ్డానికి సంక్రాంతి సెలవల్లో వెళ్ళకండి. ఆ నెలలో ప్రతి ఊరూ చల్లగా, శుభ్రంగా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఒకసారి, గట్టి వాన కురిసిన మర్నాడు ఒకసారి వెళ్ళండి. బ్రోకరు చెప్పేది వినండి, కానీ నమ్మే ముందు పక్కవాటాలో ఉన్న ఇల్లాలితో పది నిమిషాలు మాట్లాడండి. నీళ్ళు ఎన్నింటికొస్తాయని అడగండి. కిందటి వేసవిలో ట్యాంకరుకి ఎంతిచ్చారని అడగండి. రాత్రిపూట పిల్లల డాక్టరు ఎవరని అడగండి. బడి బస్సు ఎన్నింటికొస్తుంది, అందులో పిల్లలు నిలబడి వెళుతున్నారా అని అడగండి. మీ శ్రీవారు పక్కన నిలబడి గడియారం చూసుకుంటూ "ఇక పద" అంటే, ఆ డాబా మీద ట్యాంకులో నీళ్ళెన్ని ఉన్నాయో ఒకసారి ఎక్కి చూసి రమ్మని పంపండి.